పసిపిల్లల చదువు కోసం తల్లులకు బడి పెట్టిన సంస్థ: టెక్సస్‌లో ‘అవాన్సే’ కథ

2025 జూలైలో అమెరికా ఆరోగ్య, మానవ సేవల శాఖ ఒక ప్రకటన చేసింది. పేద కుటుంబాల చిన్నపిల్లల కోసం 1965 నుంచి నడుస్తున్న ‘హెడ్ స్టార్ట్’ బడులను, పత్రాలు లేని వలసదారులకు దక్కకూడని ప్రయోజనాల జాబితాలో చేరుస్తున్నామన్నది దాని సారాంశం. సెప్టెంబరులో ఫెడరల్ న్యాయమూర్తులు దాని అమలును నిలిపేశారు. ఈలోగా రెండు మాటలు గట్టిగా వినిపించాయి. ‘పన్ను కట్టేవాళ్ళ డబ్బును కొన్ని సంస్థలు పరాయివాళ్ళకు పంచిపెడుతున్నాయి’ అని ఒకరు, ‘మూడేళ్ళ పిల్లల్ని బడి నుంచి గెంటేస్తున్నారు’ అని ఇంకొకరు.

అసలు ఈ సంస్థలు ఏమిటి, వాటి డబ్బు ఎక్కడిది, లోపలికి ఎవరిని రానిస్తాయి, వాటివల్ల మేలు జరిగిందా? అన్నీ కలిపి మాట్లాడితే చిక్కుముడి. ఒక్క సంస్థను తీసుకుని మొదటినుంచీ చూస్తే ముడి కొంత వదులవుతుంది. అందుకని టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో నగరంలో 1973లో మొదలైన ‘అవాన్సే’ని ఎంచుకున్నాను. ఆ స్పానిష్ మాటకు ‘ముందడుగు’ అని అర్థం.

ముందు మూడు మాటలు

‘హిస్పానిక్’ అంటే స్పానిష్ మాట్లాడే దేశాల్లో మూలాలున్నవాళ్ళు. ‘లాటినో’ అంటే లాటిన్ అమెరికాలో మూలాలున్నవాళ్ళు. రెండూ చాలావరకు ఒకటే అనిపిస్తాయి కానీ బ్రెజిల్ వాళ్ళ భాష పోర్చుగీస్ కాబట్టి వాళ్ళు లాటినోలే తప్ప హిస్పానిక్ కారు. స్పెయిన్ నుంచి వచ్చినవాళ్ళ సంగతి దీనికి తలకిందులు. ఇది జాతి పేరు కూడా కాదు. ‘మీరు హిస్పానిక్ మూలాలవారా?’ అన్న ప్రశ్నను 1970 జనగణనలో కొంతమందిని మాత్రమే అడిగారు, 1980లో అందరినీ అడిగారు. 2023 నాటికి అమెరికాలో హిస్పానిక్‌ల సంఖ్య దాదాపు 6.5 కోట్లు. అంటే జనాభాలో ఇంచుమించు ఐదో వంతు.

‘వలస కుటుంబం’ అన్న మాట దగ్గర ఇంకాస్త ఆగాలి. అమెరికాలోని హిస్పానిక్‌లలో సుమారు మూడింట రెండు వంతుల మంది అక్కడే పుట్టినవాళ్ళు. శాన్ ఆంటోనియోను స్పెయిన్ వాళ్ళు 1718లో స్థాపించారు. టెక్సస్ 1836లో మెక్సికో నుంచి విడిపోయింది, 1845లో అమెరికాలో కలిసింది. ఆ ఊళ్ళో కొన్ని కుటుంబాలు ఎక్కడినుంచీ రాలేదు, దేశం గీతే వాళ్ళను దాటి వెళ్ళింది. హోసూరులో, బళ్ళారిలో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. 1910లో మెక్సికోలో విప్లవం మొదలయ్యాక పారిపోయి వచ్చినవాళ్ళూ, నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళూ అదే వీధుల్లో వాళ్ళ పక్కనే ఉంటారు. బయటినుంచి చూసేవాళ్ళకు మాత్రం అందరూ ఒకేలా కనిపిస్తారు.

ఇక ‘నాన్ ప్రాఫిట్’. అమెరికా పన్ను చట్టంలోని 501(సి)(3) సెక్షన్ కింద గుర్తింపు పొందిన సేవా సంస్థ అన్నమాట. ఉద్యోగులకు జీతాలుంటాయి, ఏడాది చివర డబ్బు మిగలొచ్చు కూడా. అలా మిగిలింది ఎవరూ పంచుకోకూడదు, సంస్థ పనికే వాడాలి. విరాళం ఇచ్చినవాళ్ళకు పన్ను మినహాయింపు దొరుకుతుంది. పెద్ద సంస్థలు ఏటా దాఖలు చేసే ‘ఫామ్ 990’లో ఆదాయం, ఖర్చు, పెద్ద జీతాలు అన్నీ ఉంటాయి, ఎవరైనా తీసి చూసుకోవచ్చు. మన అంగన్‌వాడీతో పోల్చాలనిపిస్తుంది గానీ, అంగన్‌వాడీ ప్రభుత్వానిది. అవాన్సే లాంటిది ప్రైవేటు సంస్థ, ప్రభుత్వ పథకాన్ని కొన్నిసార్లు కాంట్రాక్టు మీద నడుపుతుంది. ఈ తేడా మీదే తర్వాతి గొడవంతా నడుస్తుంది.

పన్ను ఎక్కువ, బడికి డబ్బు తక్కువ

అవాన్సే ఎందుకు పుట్టిందో అర్థం కావాలంటే శాన్ ఆంటోనియో పడమటి వైపు బడుల లెక్క చూడాలి. అక్కడి ఎడ్జ్‌వుడ్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే విభాగం) ఆ రోజుల్లో పిల్లల్లో నూటికి 90 మంది మెక్సికన్ అమెరికన్లు. అదే నగరంలో సంపన్నులుండే డిస్ట్రిక్ట్ ఆలమో హైట్స్. అమెరికాలో బడుల ఖర్చులో పెద్ద భాగం స్థానిక ఆస్తిపన్ను నుంచే వస్తుంది.

1967–68లో ఎడ్జ్‌వుడ్ వాళ్ళు ప్రతి 100 డాలర్ల ఆస్తి విలువకు 1.05 డాలర్ల పన్ను కట్టారు. ఆలమో హైట్స్ వాళ్ళు కట్టింది 85 సెంట్లు. ఆస్తుల విలువే తక్కువ కావడంతో, ఎక్కువ రేటు కట్టినా ఎడ్జ్‌వుడ్‌లో ఒక్కో పిల్లవాడికి స్థానికంగా సమకూరింది 26 డాలర్లే. ఆలమో హైట్స్‌లో అది 333 డాలర్లు. రాష్ట్రం, కేంద్రం ఇచ్చినవి కూడా కలిపితే ఎడ్జ్‌వుడ్ పిల్లవాడి చదువుకు 356 డాలర్లు, ఆలమో హైట్స్ పిల్లవాడికి 594 డాలర్లు. ఈ అంకెలన్నీ తర్వాత వచ్చిన అమెరికా సుప్రీంకోర్టు తీర్పులోనే ఉన్నాయి.

1968 మేలో ఎడ్జ్‌వుడ్ హైస్కూల్ పిల్లలు క్లాసులు వదిలి రోడ్డెక్కారు. డెమెట్రియో రోడ్రిగెజ్ అనే తండ్రి, ఇంకొందరు తల్లిదండ్రులు కోర్టుకు వెళ్ళారు. 1973 మార్చి 21న సుప్రీంకోర్టు 5–4 తేడాతో వాళ్ళకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. చదువు అమెరికా రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని, ఈ తేడా రాజ్యాంగ విరుద్ధం కాదని చెప్పింది. 1989లో టెక్సస్ సుప్రీంకోర్టు రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం ఈ పద్ధతిని కొట్టేసేదాకా పడమటి వైపు పిల్లలకు కోర్టుల్లో ఊరట దొరకలేదు.

అవాన్సే శాన్ ఆంటోనియోలో మొదలైంది కూడా ఆ 1973లోనే. ఈ రెండింటికీ నేరుగా కార్యకారణ సంబంధం ఉందని నేను అనడం లేదు. కానీ బడికి డబ్బు రాదని తేలిపోయిన ఊళ్ళో, బడికి ముందే ఏమైనా చేయగలమా అన్న ప్రశ్న ఎంత బరువైనదో ఊహించుకోవచ్చు.

మిరసోల్ ఇళ్ళలో బొమ్మల క్లాసు

ఆలోచన మొలకెత్తింది డల్లాస్‌లో. కార్నెల్ యూనివర్సిటీలో యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ శిష్యులైన ఇద్దరు మొదలుపెట్టారు, జేల్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ డబ్బిచ్చింది. బిడ్డను ఒక్కణ్ణే విడిగా చూసి లాభం లేదు, ఇల్లు, వీధి, తల్లిదండ్రుల ఉద్యోగం అన్నీ కలిసి బిడ్డను పెంచుతాయన్నది బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ సిద్ధాంతం. హెడ్ స్టార్ట్ రూపకల్పనలో కూడా ఆయన ఉన్నారు. ఆ హెడ్ స్టార్ట్ తెచ్చిన అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1928లో శాన్ ఆంటోనియోకు దక్షిణాన కొటుల్లా అనే చిన్న ఊళ్ళో మెక్సికన్ అమెరికన్ పిల్లలకు పాఠాలు చెప్పారు. ఆ పిల్లల ముఖాలు మర్చిపోలేనని 1965లో పార్లమెంటు ముందు గుర్తుచేసుకున్నారు కూడా.

శాన్ ఆంటోనియోలో బాధ్యత తీసుకున్నది గ్లోరియా రోడ్రిగెజ్ (పైన చెప్పిన తండ్రి వేరు, ఇంటిపేరు మాత్రమే ఒకటి). ఆమె ఆ పడమటి వీధుల్లోనే పెరిగారు, ఒకటో తరగతి టీచరుగా పనిచేశారు. వెనకబడ్డవాళ్ళని ముద్రపడిన పిల్లల్ని ఆమె క్లాసులో పెట్టారు. ఆరేళ్ళకే బిడ్డ వెనకబడ్డాడంటే, అసలు సంగతి ఆరేళ్ళకు ముందే జరిగిందని ఆమెకు అర్థమైంది. ఇళ్ళకు వెళ్ళి చూస్తే తల్లులకు పిల్లలంటే ప్రాణం. చదువు మీద ఆశ కూడా ఉంది. బడి అడిగేదేమిటో, బిడ్డను దానికి ఎలా సిద్ధం చేయాలో మాత్రం వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు.

మిరసోల్ అనే ప్రభుత్వ గృహసముదాయంలో ఇంటింటికీ తిరిగి తల్లుల్ని పిలిచారు. అక్కడ స్థిరపడిన పద్ధతి తర్వాత దశాబ్దాల పాటు సాగింది. తొమ్మిది నెలలు, వారానికొకసారి, మూడు గంటలు. మొదటి గంటలో తల్లులు గుడ్డ పీలికలతో, అట్టలతో బొమ్మలు చేస్తారు. రెండో గంటలో పిల్లల ఎదుగుదల గురించి పాఠం. మూడో గంటలో ఊళ్ళో ఏ ఆస్పత్రి ఉంది, ఇంగ్లిష్ ఎక్కడ నేర్పుతారు, లైబ్రరీ కార్డు ఎలా తీసుకోవాలి లాంటివి. అంతసేపూ పిల్లల్ని పక్కగదిలో చూసుకుంటారు. రాకపోకలకు వ్యాన్ పంపిస్తారు. టీచర్లు ఇంటికి వచ్చి, తల్లీబిడ్డలు ఆడుకుంటుంటే చూస్తారు.

బొమ్మల క్లాసు నాకు ఎంతో నచ్చిన భాగం. కొనివ్వడం తేలిక. కుట్టిస్తే, చేతులు పనిలో ఉండగా నోరు విప్పుకుంటుంది. కొత్త ఊళ్ళో ఎవరూ తెలియక నాలుగు గోడల మధ్య ఉన్న తల్లికి పక్కింటి తల్లి పరిచయమవుతుంది. ‘ఈ బొమ్మ ఏ రంగు?’ అని బిడ్డను అడగడమే పాఠమని ఆమెకు తెలుస్తుంది. ఏడాది చివర తల్లులకు టోపీ, గౌనుతో పట్టా ఇస్తారు. వాళ్ళలో చాలామంది హైస్కూల్ పూర్తి చేయనివాళ్ళు.

తల్లికీ బిడ్డకూ ఒకేసారి నేర్పే ఈ పద్ధతికి తర్వాత ‘రెండు తరాల కార్యక్రమం’ అని పేరొచ్చింది. తండ్రులకూ క్లాసులు పెట్టారు. సంస్థ హ్యూస్టన్‌కు, ఆస్టిన్‌కు, మెక్సికో సరిహద్దున రియో గ్రాండే లోయకు విస్తరించింది.

డబ్బుతో పాటు షరతు కూడా వస్తుంది

సంస్థ పెరిగేకొద్దీ ఫౌండేషన్ల విరాళాలు చాలవు, ప్రభుత్వ డబ్బు కావాలి. అవాన్సే కూడా హెడ్ స్టార్ట్ కేంద్రాలు నడిపే కాంట్రాక్టు తీసుకుంది. ఇక్కడ ఒక ఉదాహరణ, అంకెలు ఊహించినవే.

ఒక సంస్థ ఏడాది బడ్జెట్ 10 లక్షల డాలర్లనుకుందాం. అందులో 7 లక్షలు హెడ్ స్టార్ట్ నుంచి, 2 లక్షలు ఫౌండేషన్ల నుంచి, లక్ష స్థానిక దాతల నుంచి. చూడటానికి సంస్థ చేతిలో 10 లక్షలున్నాయి. నిజానికి ఆ 7 లక్షలు హెడ్ స్టార్ట్ నిబంధనలకు సరిపోయే పిల్లల మీదే ఖర్చవ్వాలి. కుటుంబ ఆదాయం దారిద్ర్యరేఖకు లోబడి ఉండటం లాంటివి ప్రధాన నిబంధనలు. పైగా మొత్తం ఖర్చులో మామూలుగా 20 శాతం విలువను సంస్థే బయటినుంచి డబ్బుగానో, స్వచ్ఛంద సేవగానో చూపించాలి. ఫౌండేషన్ 2 లక్షలు ‘తల్లుల క్లాసులకే’ అని ఇచ్చి ఉంటే అవి అక్కడికే పోతాయి. నిర్వాహకులు తమ ఇష్టప్రకారం వాడగలిగేది చివరి లక్షే.

కాబట్టి ‘ఆ సంస్థ వాళ్ళకు డబ్బిస్తోంది’ అన్న వాక్యం చాలా సందర్భాల్లో పొరపాటు. క్లాసులో కూర్చునే అవకాశం ఇస్తుంది, ఆ అవకాశం ఎవరికన్నది ఏ జేబులోంచి డబ్బు వచ్చిందన్న దాన్నిబట్టి ఉంటుంది. ప్రభుత్వ నిధి పెరిగితే ఎక్కువమంది పిల్లలకు చోటు దొరుకుతుంది, దాంతో పాటే ప్రభుత్వం మాట మారినప్పుడల్లా సంస్థ వణుకుతుంది.

ఒకే ఇల్లు, వేర్వేరు కాగితాలు

మరో ఉదాహరణ. శాన్ ఆంటోనియోలో ఒక తల్లి, ఆమెకు వీసా లేదు. తొమ్మిదేళ్ళ పెద్దబ్బాయి మెక్సికోలో పుట్టాడు, వాడికీ పత్రాలు లేవు. మూడేళ్ళ చిన్నపాప అమెరికాలో పుట్టింది కాబట్టి పౌరురాలు. ఇలాంటి ఇళ్ళు అరుదు కాదు. పత్రాలు లేని తల్లి గానీ తండ్రి గానీ ఉన్న ఇళ్ళలో పెరుగుతున్న అమెరికా పౌరులైన పిల్లలు 40 లక్షలకు పైనే.

పెద్దబ్బాయి బడికి వెళ్ళొచ్చు. పత్రాలు లేని పిల్లల్ని చేర్చుకోకుండా ఉండేందుకు వీలిస్తూ టెక్సస్ 1975లో చట్టం చేసింది, టైలర్ అనే ఊళ్ళో ఏడాదికి 1,000 డాలర్ల ఫీజు అడిగారు. 1982లో ‘ప్లయ్లర్ వర్సెస్ డో’ కేసులో సుప్రీంకోర్టు 5–4తో ఆ చట్టాన్ని కొట్టేసింది. అయితే ఆ తీర్పు ప్రభుత్వ బడుల గురించి, మూడేళ్ళ పిల్లల సంగతి అందులో లేదు.

చిన్నపాపకు పౌరురాలిగా, ఆదాయం సరిపోతే, వైద్య బీమా మెడికెయిడ్, ఆహార సాయం అందుతాయి. తల్లికి అవి దక్కవు. ఆహార సాయం లెక్కలో పాప పేరు మాత్రమే చేరుతుంది. గర్భిణులకు, పసిపిల్లలకు పాలు, గుడ్లు లాంటివి ఇచ్చే ‘విక్’ పథకం మాత్రం వలస పత్రాలు అడగదు.

హెడ్ స్టార్ట్ దగ్గర వచ్చింది తగాదా. 1996లో బిల్ క్లింటన్ సంతకం చేసిన సంక్షేమ సంస్కరణ చట్టం ‘ఫెడరల్ ప్రజా ప్రయోజనాలు’ పత్రాలు లేనివారికి ఇవ్వకూడదంది. ఏవి ఆ ప్రయోజనాలో 1998లో ఆరోగ్య, మానవ సేవల శాఖ జాబితా ఇచ్చింది, అందులో హెడ్ స్టార్ట్ లేదు. 2025 ప్రకటన దాన్ని చేర్చింది. చేర్చాలన్నవాళ్ళ వాదన: చట్టంలోని మాటలు విశాలమైనవి, పార్లమెంటు ఉద్దేశం పన్ను సొమ్ము పౌరులకు, చట్టబద్ధంగా ఉన్నవారికి మిగలాలని. సీట్లు పరిమితమైనప్పుడు ఎవరికి ముందు అన్న ప్రశ్న న్యాయమైనదే. వద్దన్నవాళ్ళ వాదన: హెడ్ స్టార్ట్‌కు సొంత చట్టం ఉంది, ఎవరు అర్హులో అదే చెబుతుంది, దాదాపు ముప్పై ఏళ్ళు నడిచిన అర్థాన్ని ఒక ప్రకటనతో మార్చలేరు. పైగా భయం అర్హులను కూడా తాకుతుంది. ఆ 1996 చట్టంలోనే ఇంకో సంగతి ఉంది: సేవా నాన్ ప్రాఫిట్‌లు వలస స్థితిని తనిఖీ చేయాల్సిన పని లేదని.

భయం సంగతికి ఆధారం ఉంది. ప్రభుత్వ సాయం తీసుకుంటే గ్రీన్ కార్డుకు ఇబ్బంది అన్న ‘పబ్లిక్ ఛార్జ్’ నిబంధనను కఠినం చేస్తారన్న చర్చ నడిచిన 2018లో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ సర్వే చేసింది. వలస కుటుంబాల్లోని పెద్దల్లో సుమారు ఏడుగురిలో ఒకరు, తామో ఇంట్లోవాళ్ళో భయపడి సాయం మానుకున్నామన్నారు. పాపకు హక్కు ఉంటుంది, తల్లి దరఖాస్తు పెట్టదు.

ఈ చట్టాలు మన కుటుంబాలకు కూడా తగులుతాయి. పిల్లల దగ్గర ఉందామని గ్రీన్ కార్డు మీద వెళ్ళిన తెలుగు తల్లిదండ్రులకు చాలా ఫెడరల్ పథకాల్లో ఐదేళ్ళ నిరీక్షణ పెట్టింది ఆ 1996 చట్టమే. 2025 జనవరిలో పుట్టుక పౌరసత్వం మీద వచ్చిన ఉత్తర్వు కూడా పత్రాలు లేనివాళ్ళతో ఆగలేదు, హెచ్-1బీ, హెచ్-4 వీసాల మీద ఉన్న దంపతులకు పుట్టే బిడ్డలకు కూడా వర్తించేలా ఉంది. దాని అమలును కోర్టులు ఆపాయి.

‘మీకు పిల్లల్ని పెంచడం రాదు’ అన్నట్టేనా?

ఇది చట్టం కంటే సున్నితమైన ప్రశ్న. పేద తల్లులకు పెంపకం పాఠాలు చెప్పడమంటేనే వాళ్ళలో లోపం ఉందని అనుకోవడం కదా అని విమర్శ. 1995లో కాన్సస్‌లో 42 కుటుంబాల మీద చేసిన పరిశోధన, నాలుగేళ్ళు నిండేసరికి పేదింటి బిడ్డ చదువుకున్న ఇంటి బిడ్డకన్నా 3 కోట్ల మాటలు తక్కువ వింటాడని అంచనా వేసింది. ఆ అంకె ఎంతో ప్రచారమైంది. 2018లో వేరే పరిశోధకులు చుట్టూ ఉన్న పెద్దలందరి మాటలూ లెక్కలోకి తీసుకుంటే అంత తేడా కనబడలేదన్నారు. అరిజోనాలోని టూసాన్‌లో లూయిస్ మోల్ బృందం 1992లోనే మరో దారి చూపించింది: మెక్సికన్ ఇళ్ళలో వ్యవసాయం, మందుమొక్కలు, ఇంటి నిర్మాణం, వ్యాపారం గురించి ఎంతో జ్ఞానం ఉంది, బడే దాన్ని గుర్తించడం లేదు అని.

కానీ క్లాసుకు వచ్చిన తల్లి తెలుసుకోవాలనే వచ్చింది. చెప్పకుండా దాచడం కూడా గౌరవం కాదు. నా అభిప్రాయంలో తేడా అంతా చెప్పే తీరులోనే ఉంది. 2007లో సాండ్రా గుటియెరెజ్ నాయకత్వంలో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన ‘అబ్రియెండో ప్యుయెర్తాస్’ (తలుపులు తెరుస్తూ) పది క్లాసుల కార్యక్రమం పాఠాల్ని ‘దీచోస్’ చుట్టూ అల్లింది. దీచోస్ అంటే సామెతలు. అమ్మమ్మ నోట విన్న సామెతతో పాఠం మొదలైతే, తనకు తెలిసినదాని మీదే కొత్తది కడుతున్నారని తల్లికి అనిపిస్తుంది.

భాష కూడా ఇందులో భాగమే. 1960ల దాకా టెక్సస్ బడుల్లో స్పానిష్ మాట్లాడితే పిల్లల్ని శిక్షించేవారు. ఆ దెబ్బలు తిన్నవాళ్ళలో కొందరు తమ పిల్లలతో ఇంట్లో స్పానిష్ మానేశారు. అవాన్సే క్లాసులు తల్లికి వచ్చిన భాషలోనే నడిచాయి. రాని ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు చెప్పేకంటే, వచ్చిన భాషలో కథ మొత్తం చెప్పడం బిడ్డకు మేలు కాబట్టి. డల్లాస్ శివార్లలో తెలుగు ఇళ్ళలో కూడా ఈ ప్రశ్న రోజూ వస్తుంది.

మరి పనిచేసిందా?

జవాబు ఏది కొలుస్తామన్నదాన్ని బట్టి ఉంటుంది. తొలి బ్యాచ్ తల్లుల్ని, వాళ్ళ పిల్లల్ని దాదాపు పదిహేడేళ్ళ తర్వాత వెతికి పట్టుకుంటే, పిల్లల్లో 94 శాతం హైస్కూల్ పూర్తిచేశారు, లేదా తత్సమాన పరీక్ష పాసయ్యారు, లేదా ఇంకా చదువుతున్నారు. గొప్ప అంకె. కానీ దొరికినవాళ్ళు కొద్దిమందే, పోల్చడానికి క్లాసుకు రాని కుటుంబాలు లేవు. దీన్ని రుజువు అనలేం.

కార్నెగీ కార్పొరేషన్ అనే దాతృత్వ సంస్థ డబ్బుతో హ్యూస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 1991లో పూర్తిచేసిన అధ్యయనం క్లాసుకు వచ్చినవాళ్ళను, రానివాళ్ళను పోల్చింది. తల్లుల్లో మార్పు స్పష్టంగా కనిపించింది: బిడ్డతో ఎక్కువ మాట్లాడటం, ఆడించడం, ఊళ్ళో ఉన్న సేవలు తెలుసుకోవడం, తమ చదువు కొనసాగించడం. పిల్లల పరీక్షల్లో మాత్రం అంత తేడా తేలలేదు. సమర్థకులు అంటారు: తల్లి మారితే ఫలితం నెమ్మదిగా వస్తుంది, మూడేళ్ళ బిడ్డ పరీక్షలో దాన్ని వెతకడం తొందరపాటు. విమర్శకులు అంటారు: బిడ్డ కోసం పెట్టిన కార్యక్రమాన్ని బిడ్డతోనే కొలవాలి. రెండూ కొట్టిపారేయలేని మాటలే.

హెడ్ స్టార్ట్ మీద జరిగిన పెద్ద జాతీయ అధ్యయనంలో కూడా ఇలాంటి చిక్కే. బడిలో ఉండగా కనిపించిన లాభం ఒకటో తరగతి ముగిసేసరికి చాలావరకు కరిగిపోయిందని 2010 నివేదిక చెప్పింది. అవే వివరాలను తర్వాత మళ్ళీ తవ్విన ఆర్థికవేత్తలకు ఇంకో సంగతి కనిపించింది: ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లల్లో లాభం ఎక్కువగా ఉంది, ఎక్కువకాలం నిలిచింది. సగటు అంకె ఈ పిల్లల్ని కప్పేసింది.

2012 నవంబరులో శాన్ ఆంటోనియో ఓటర్లు, మేయర్ హూలియన్ కాస్ట్రో ప్రతిపాదన మీద, అమ్మకం పన్ను డాలరుకు సెంటులో ఎనిమిదో వంతు పెంచుకుని నాలుగేళ్ళ పిల్లల బడులకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అవాన్సేలో మాత్రం ఏ అధ్యయనమూ సరిగా కొలవని మార్పు ఒకటి జరుగుతూ వచ్చింది. గుడ్డ పీలికలతో బొమ్మలు కుట్టడానికి వచ్చిన తల్లుల్లో చాలామంది తర్వాత అక్కడే ఉద్యోగులయ్యారు. కొత్తగా వచ్చిన తల్లి ఇంటి తలుపు తట్టేది ఇప్పుడు వాళ్ళే.